నారాయణీయమున రోగివాక్యము : హాస్యమా, సత్యమా?

హాస్యమునకుఁ గరుణము విరోధి యని యాలంకారికుల మాట. విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున భయానకకరుణములను రెంటిని హాస్యమునకు విరోధులుగాఁ బేర్కొనెను. భరతుఁడు ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో వ్యాధిని జేర్చెను గాని, హాస్యమునకుఁ బోషకములుగాఁ జెప్పిన యవహిత్థము, ఆలస్యము, తంద్ర, నిద్ర, స్వప్నము, ప్రబోధము, అసూయ మొదలగువాని నడుమ వ్యాధి కానరాదు. ఈ రెండు మాటలను జేర్చి చదివిన విద్యార్థి, రోగి నోట నవ్వు పుట్టరాదనియు, పుట్టెనేని యది యనౌచిత్య మనియు నిర్ణయించుకొనును. స్తోత్రకావ్యములు పాఠము చెప్పు గురువులును దఱచుగా నీ నిర్ణయమునే యనుసరించి, రోగపీడితుఁడైన కవి పరిహాసముగాఁ బలికిన చోట్లను ‘ఆర్తి’ యను నొక్క మాటతో దాఁటించుచున్నారు. దీనివలన రెండు నష్టములు గలవు. కావ్యమందలి యొక వన్నె తెలియకపోవుట మొదటిది. కవి చెప్పినది సత్యమా, బాధచేఁ బలికిన పలవరింతయా యను ప్రశ్నయే పుట్టకపోవుట రెండవది. ఈ రెండవదియే పెద్దది.

ఈ ప్రశ్నకు మేల్పత్తూరు నారాయణభట్టతిరి రచించిన నారాయణీయము తగిన పరీక్షాస్థానము. ఈతఁడు కేరళదేశమున నిళానదీప్రాంతమందలి తిరునావాయ సమీపమునఁ బుట్టినవాఁడు. పదునాఱవ శతాబ్దపు టుత్తరార్ధమునను, పదునేడవ శతాబ్దమునను వెలసినవాఁడు. వైయాకరణులకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది యీతని ప్రక్రియాసర్వస్వము. పాణినిసూత్రములను బ్రకరణక్రమమున మరలఁ గూర్చిన యా గ్రంథము సిద్ధాంతకౌముదికి దీటు రాఁగలది. ధాతుపాఠమునకు లక్ష్యముగాఁ గంసవధకథను జెప్పిన ధాతుకావ్యమును, పాణినీయేతరప్రయోగములకుఁ బ్రామాణ్యము సాధించు చిన్నగ్రంథమును, భాట్టమతానుసారముగాఁ బ్రమాణములను నిరూపించిన మానమేయోదయభాగమును గూడ నీతనివే. ఇట్టి శాస్త్రవేత్త రోగముచేఁ గుములుచు గురువాయూరు కృష్ణుని సన్నిధిఁ గూర్చుండి నూఱు దశకములుగా, వేయికి మించిన శ్లోకములతో భాగవతమును సంక్షేపించి స్తుతించెను. ఆ స్తుతియే నారాయణీయము. ఇది తెలుఁగులిపిలోఁ దాత్పర్యములతో ముద్రితమై తెలుఁగునాటను బారాయణగ్రంథముగా వ్యాపించినది.

దశకముల తుదిశ్లోకములలోఁ దఱచుగా రోగనివృత్తిని గోరు ప్రార్థన కలదు. ఆ రోగము వాత మని సంప్రదాయము చెప్పును. గురువునకుఁ బ్రాప్తించిన వాతమును శిష్యుఁడు దాన మడిగి తీసికొనె నని కథ. కావ్యమున మాత్రము ప్రాయికముగా గదము, రోగము, తాపము మొదలగు సామాన్యశబ్దములే వాడఁబడినవి. ఈ భేదమును ముందుగా గుర్తించుట మంచిది. కావ్య మేమి చెప్పుచున్నది, కావ్యమును గూర్చి లోక మేమి చెప్పుచున్నది యను రెండును గలసిపోయిన చోట విమర్శ సాగదు.

పరీక్షింపఁదగిన శ్లోకము మూఁడవ దశకము చివరిభాగమునఁ గలదు. దాని భావ మిది. ఓ మరుద్గేహనాథా, నీకు విముఖులైనవారును సుఖముగానే యున్నారు, నిన్నుఁ బ్రేమించు నేను మిక్కిలి తపించుచున్నాను, ఇది యేమి? నీ కపకీర్తి రాకుండుఁగాక. కావున నా రోగభారమును దీర్చి నన్ను నీ భక్తులలో మేటినిగాఁ జేయుము.

దీనిని వ్యాజస్తుతి యని చెప్పువారు గలరు. అది పొసఁగదు. వ్యాజస్తుతియందు వాచ్యమైన నింద బాధితమై, దాని నుండి స్తుతి తోఁపవలెను. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్రదేవునిపైఁ జెప్పిన శతకమున నా విధము నిండుగాఁ గలదు. అక్కడి నింద నిలువని నింద. ఇక్కడనో వాచ్యము బాధితము కాదు. భక్తిలేనివారు సుఖముగా నుండుట కనులఁబడు విషయము. భక్తుఁడు రోగముతో నుండుట యనుభవసిద్ధము. రెండును నిలుచుచుండఁగా నింద యెట్లు తొలఁగును? తొలఁగకున్న స్తుతి యెట్లు పుట్టును? ఉపాలంభ మనుటయుఁ జాలదు. భద్రాచలరామదాసు గోలకొండచెఱలో నుండి, తాను జేయించిన నగల వెలలను రాముని కెత్తిపొడుచుట ఉపాలంభము. దెబ్బల బాధకుఁ దాళలేక తిట్టితి నని యాతఁడే వెంటనే యా మాటను వెనుకకుఁ దీసికొనును. అందుఁ గోపము మొదట, పశ్చాత్తాపము పిదప. భట్టతిరి కోపపడనులేదు, వెనుకకుఁ దీసికొననులేదు. ఆతఁడు భగవంతుని కీర్తిని గూర్చి చింతించుచున్నాఁడు!

హాస్యము సరిగా నిక్కడఁ గలదు. నష్టము తనది, చింత పరునిది. తెలుఁగున వైద్యుని హస్తవాసి యని యొక చక్కని మాట గలదు. మంచమునఁ బడిన రోగి వైద్యునితో, “అయ్యా, నా సంగతి యటుండనిండు, నేను బోయినచో మీ హస్తవాసికి మాట వచ్చునే” యని పలికినట్లున్నది యీ శ్లోకము. రోగి దీనుఁడై యుండవలసినచోట హితైషియై కూర్చున్నాఁడు. భరతుఁడు హాస్యమునకుఁ జెప్పిన వికృతవేషాదులలో నిది చేరదు, స్థానవ్యత్యయ మనవచ్చును. నవ్వింపఁబడువాఁడు దేవుఁడు కాఁడు, రోగియే. కావున నిది యాత్మస్థహాస్యము, అందును స్మితమాత్రము.

వ్యాకరణదృష్టితోఁ జూచినను దీని విశేషము తెలియును. రోగము కర్తగా నుండి పీడించు నర్థమున, జ్వరమును విడిచి, తక్కిన రుజార్థధాతువుల కర్మకు శేషత్వవివక్షలో షష్ఠి విధించు సూత్రము పాణిని రెండవయధ్యాయపు మూఁడవపాదమున నేఁబదినాలుగవది. కాశికాకారుఁడు దాని కుదాహరణముగా దొంగను రోగము పీడించుటను జెప్పెను. పాఠశాలలలో నీ యుదాహరణము వచ్చినపుడు విద్యార్థులు నవ్వుట పరిపాటి. దొంగకు రోగము వచ్చుట న్యాయముగానే యున్నది కదా యని. సూత్రమందలి విషయము మాత్రము నవ్వునది కాదు. రోగము కర్త కాఁగానే మనుష్యుఁడు కర్మగానైనను నిలువక సంబంధిమాత్రుఁ డగుచున్నాఁడు. మంచమునఁ బడినవాని స్థితి యిట్టిదే. ఇంటివారు మాటలాడునపుడు జ్వరము తగ్గెను, దగ్గు హెచ్చెను, నొప్పి మాఱెను అని క్రియలన్నియు రోగమునకే యిచ్చి, రోగిని షష్ఠిలోనికిఁ దోయుదురు. భట్టతిరి శ్లోకమునఁ గర్తృత్వము రోగమునకు లేదు. పరాఙ్ముఖులు సుఖించుటకుఁ గర్తలు, భక్తుఁడు తపించుటకుఁ గర్త, దేవుఁడు రోగమును శమింపఁజేయుటకుఁ గర్త. రోగము శమింపఁబడు కర్మమాత్రము. పరిహాసము చేయువాఁడు షష్ఠినుండి లేచి ప్రథమకు వచ్చెను.

ఇఁక రసవిరోధము. ఆనందవర్ధనుఁడు విరోధరసములు కలియుటకుఁ బరిహారములు చెప్పుచు, ఏకాశ్రయమున విరోధించునవి భిన్నాశ్రయములందుఁ జేర్పఁబడినచో దోషము లే దనెను. పన్నెండవశతాబ్దమున గోవిందచంద్రుని కాలపు శంఖధరకవి రచించిన లటకమేళకప్రహసన మీ మార్గమునకు మంచి లక్ష్యము. అందు మదనమంజరి గొంతులోఁ జేఁపముల్లు చిక్కుకొనును. జంతుకేతుఁ డను వైద్యుఁడు వచ్చి తెలివిమాలిన యుపాయములు చెప్పును. వానిని జూచి యామె పకపక నవ్వఁగా నా నవ్వుతోనే ముల్లు వెలువడును. బాధ యామెది, వికారము వైద్యునిది, ఆశ్రయములు వేఱు. జగదీశ్వరుని హాస్యార్ణవమున వైద్యునకు వ్యాధిసింధు వని పేరు పెట్టుటయు నీ త్రోవయే. ప్రహసనకారులకు వైద్యుఁడు దొరకినఁ జాలును, రోగి కేమైనను సరియే.

భట్టతిరి శ్లోకమున నీ సౌకర్యము లేదు. బాధకు నాశ్రయ మెవఁడో హాసమునకు నాశ్రయ మాతఁడే. అయినను విరోధము తోఁపదు. ఏల? రోగి రెండుగా విడివడుటచేత. తపించువాఁ డొకఁడు, తపించువానిని జూచి చిఱునవ్వు నవ్వువాఁ డొకఁడు. ధ్వనికారుఁడు కోరిన యాశ్రయభేదము కథలో లేకున్నను, ఒక్క పురుషునియందే యేర్పడుచున్నది. ఇది గ్రంథములలోఁ గంఠోక్తిగాఁ జెప్పఁబడిన పరిహారము కాదు గాని, ఆ పరిహారమున కనుగుణమే.

ఈ రెండుగా విడివడుట సత్యవిచారమునకు మూలము. రోగి మాట నమ్మరాదనుటకు శాస్త్రములం దొక ప్రసిద్ధదృష్టాంతము గలదు. కామెరలు గలవానికి శంఖము పచ్చగాఁ గనఁబడును; పిత్తము చెడినవానికిఁ జక్కెర చేఁదగును. భాట్టులు జ్ఞానమునకుఁ బ్రామాణ్యము స్వతస్సిద్ధ మందురు. ఎంతవఱకు బాధకజ్ఞానము గాని, కారణదోషజ్ఞానము గాని కలుగదో యంతవఱకుఁ గలిగిన జ్ఞానము ప్రమాణమే. రోగమో, కారణదోషములకెల్ల నుదాహరణమైనది! అట్లైనచో మానమేయోదయమును వ్రాసిన చేయి, రోగావస్థలో వ్రాసిన శ్లోకమునకుఁ బ్రామాణ్య మెట్లు కోరఁగలదు? దేవుఁడు తన్ను విడిచినాఁ డనునది పచ్చశంఖము వంటిది కాదా?

ఈ యాక్షేపమునకు సమాధానము శ్లోకమందే కలదు. పచ్చశంఖమును జూచువారు రెండు విధములు. శంఖము పచ్చనిదే యని వాదించువాఁ డొకఁడు. శంఖము తెల్లనిదే, నా కనులకుఁ బచ్చగాఁ గనఁబడుచున్న దని చెప్పువాఁ డింకొకఁడు. రెండవవానికిని బసుపు కనఁబడుట మానదు. పిత్తము తీఱువఱకు మానదు. కాని యాతఁడు మోసపోఁడు. అంతేకాదు, ఆతని వాక్యమే సంపూర్ణముగా సత్యము. శంఖ మెట్లున్నదో, తన కెట్లు కనఁబడుచున్నదో రెండును జెప్పినాఁడు కనుక. రోగార్తుఁడు దేవుఁడు క్రూరుఁ డనిన మొదటివాఁ డగును. నా కేమియు బాధలేదు, అంతయు నాతని కరుణయే యనినచో, పసుపును జూచుచునే తెలుపు కనఁబడుచున్న దని బొంకినవాఁ డగును. మూఁడవవిధ మిది, భక్తిపరులలో నిదియే యెక్కువగా మెచ్చఁబడుచున్నది. భట్టతిరి యీ రెండు త్రోవలను విడిచి, తపించుచున్నా నను మాటను దాఁపకయే, ఇది యేమి యని ప్రశ్నించి, నీ కపకీర్తి వచ్చు నని చిఱునవ్వు నవ్వెను. ఆ పరిహాసము రెండవవాని జ్ఞానమునకు గుఱుతు. కారణదోషము తనకుఁ గలదని తెలిసినవాఁడే తన మాటపైఁ దాను నవ్వఁగలఁడు.

అపకీర్తి యను పదము మాత్రము యథార్థము కాదని యెవరైన నందురేమో. ఒక మానిసి రోగము తీఱకపోయినంత మాత్రమున జగన్నాథుని కేమి యపకీర్తి? నిజమే. బృహదారణ్యకమున సత్యశబ్దమును స, తి, యమ్ అని మూఁడక్షరములుగా విడఁదీసి, తొలితుదులు సత్యము, నడిమిది యనృత మనియు, అనృత మిరుప్రక్కల సత్యముచేఁ బట్టువడిన దనియుఁ జెప్పిరి. వైయాకరణులకు సత్శబ్దముపై యత్ప్రత్యయమే ప్రియము గాని, ఉపనిషన్నిర్వచన మిచ్చట నెక్కువగా నుపకరించును. శ్లోకమున మొదట బాధ, తుదను భక్తి, రెండును నిక్కములు. నడుమ నపకీర్తి భయము గలదు, అది కల్పితము. దానిని దీసివేసి చూడుఁడు: బాధపడుచున్నాను, రోగము తీర్చి భక్తునిఁ జేయుము. అర్థ మంతయు నిలుచును, శ్లోకము పోవును.

ఇఁక నీ కావ్యమును జుట్టుకొన్న కథలు. తుంచత్తు ఎఴుత్తచ్ఛన్ అను మలయాళమహాకవిని రోగోపశమోపాయ మడుగఁగా, ఆతఁడు చేఁపతో మొదలుపెట్టుమని కబురంపె నఁట. మత్స్యమాంసములు ముట్టని నంబూదిరికి నిట్టి యుపదేశము! వినినవారు మండిపడిరి, భట్టతిరి నవ్వి, మత్స్యావతారము మొదలుకొని దశావతారస్తుతి చేయు మని దాని భావముగా గ్రహించెను. వాచ్య మనుపపన్నమై లక్ష్యమునకుఁ ద్రోవ చూపుట కింతకంటెఁ జక్కని దృష్టాంతము దొరకుట కష్టము. ఐనను గ్రంథమును దెఱచి చూచినఁ గథకుఁ జిక్కు గలదు. నారాయణీయము చేఁపతో మొదలు కాదు. మొదటి దశకము సాంద్రానందచిద్రూపమైన బ్రహ్మముతో మొదలగును. మత్స్యావతారము ముప్పదిరెండవ దశకమునకుఁ గాని రాదు. కథ జరిగియే యుండినచో రోగి వైద్యుని మాట వినలేదన్న మాట. చరిత్రసత్యముగా దీనిని నిలుపుట కష్టము. కాని యీ కథను జెప్పికొన్నవారికి నారాయణీయమును గూర్చి తెలిసిన సంగతి యొకటి గలదు. ఈ గ్రంథము పుట్టిన మంచముకడ నవ్వు కూడ నుండెనని వారెఱుఁగుదురు. వ్యాఖ్యాతలు మఱచినదానిని గథకులు మఱవలేదు.

పూంతానకవికథ యింకను సూక్ష్మము. సంస్కృతము చాలని యా భక్తుఁడు విష్ణుసహస్రనామమున ‘అమరప్రభు’ నామమును ‘మరప్రభు’ వని చదివె నఁట. మరమనఁగా మలయాళమునఁ జెట్టు. తెలుఁగు మ్రానునకు జ్ఞాతిశబ్దము. పండితుఁడు నవ్వెను, ఆ పండితుఁడు భట్టతిరియే యని కొందఱందురు. చెట్లకును నేనే ప్రభువ నని యశరీరవాణి పలికెను. సంధినియమమును జూచిన నా వాణి మాట తేలికది కాదు. పూర్వనామము ఓకారాంతమై నిలిచినపుడు పదాంతమం దేఙ్ కంటెఁ బరమైన హ్రస్వాకారము పూర్వరూపమునఁ గలిసిపోవును. కావునఁ జెవికి రెండు పాఠములు నొక్కటియే. వ్రాఁతలో నవగ్రహచిహ్న ముండవచ్చును గాని, నోట నది లేదు. సంహితలో లేని తప్పును బండితుఁడు పదచ్ఛేదములోఁ బట్టినాఁడు! ఇక్కడి నవ్వు ఆరోగ్యవంతుఁడు దుర్బలునిపై నవ్విన నవ్వు, పరస్థము, మూఁడవ దశకపు స్మితమునకు దీనికిని జుట్టఱికము లేదు. పూంతానము భక్తియే భట్టతిరి విభక్తికంటెఁ బ్రియ మని స్వామి కలలోఁ జెప్పె నను నింకొక కథయు నీ జాతిదే. వైయాకరణునిపై మూల్యము చెల్లించిన శ్లేష మది. వైయాకరణులే దానిని మిక్కిలి యిష్టముతోఁ జెప్పుదురు.

కావ్యమునకు మరలినచో మొదటి శ్లోకపు తుదిపాదముననే యొక నిపాతము గలదు. అట్టి బ్రహ్మము గురుపవనపురమున సాక్షాత్తుగా వెలుఁగుచున్నది, హంత, జనుల భాగ్య మని కవి పలికెను. అమరసింహుఁడు హంతశబ్దమునకు హర్షము, అనుకంప, వాక్యారంభము, విషాద మని నాలుగర్థము లిచ్చెను. వ్యాఖ్యాతలు హర్షమునే గ్రహింతురు, తప్పు కాదు. విషాదమును బూర్తిగాఁ ద్రోసివేయుటకు మాత్రము కారణము లేదు. గురుపవనపుర మనఁగా గురుఁడును బవనుఁడును బ్రతిష్ఠించిన పురము. గురుశబ్దమును విశేషణముగాఁ గొన్నచో నది భారమైన వాతము గల పురము. పురశబ్దము దేహమున కుండుట గీతలఁ జదివిన ప్రతివారికిఁ దెలిసినదే. వాతరోగి వాతపురనాథుని శరణు సొచ్చుట, వాతపీడితమైన తన దేహపురముననే బ్రహ్మము వెలుఁగుచున్న దనుట శబ్దశక్తిమూలధ్వనిగాఁ దోఁచును. కాని రోగము వాత మని కావ్యము స్పష్టముగాఁ జెప్పని చోట నీ ధ్వనిని నూఱు దశకములకుఁ బ్రాఁకించుట సాహసము. ఉపక్రమశ్లోకమున హంతశబ్దబలముచే నంగీకరింపవచ్చును. అంతకు మించి పోరాదు.

ఉపసంహారమునఁ గవి తన పరిహాసమును దానే బయలుపఱిచెను. నూఱవ దశకపుఁ దుదిశ్లోకమున నీ గ్రంథము రెండు విధముల నారాయణీయ మని చెప్పుచున్నాఁడు. నారాయణుని గూర్చినదనునది యొకటి, నారాయణునిచేఁ జేయఁబడినదనునది యింకొకటి. పాణిని నాలుగవయధ్యాయపు మూఁడవపాదమున ‘అధికృత్య కృతే గ్రంథే’ యనియు, ‘కృతే గ్రంథే’ యనియు రెండు వేఱు సూత్రములు చేసెను. ఆదివృద్ధి గల శబ్దము కనుక రెండుచోట్లను ఛప్రత్యయమే వచ్చి రూప మొక్కటియే యైనది. మూఁడవ దశకమున నపకీర్తి నారాయణునికి వచ్చు ననెను గదా, ఏ నారాయణునికి? రోగము తీఱనిచోఁ బేరు చెడువాఁ డొక్కఁడేనా?

ఆ శ్లోకపుఁ దుదిపదము ‘ఆయురారోగ్యసౌఖ్యమ్’. కటపయాదిసంఖ్యచే నది కలిదినమును దెలుపును. ఆకారమునకు సున్న, యు కొకటి, రాకు రెండు, రోకు రెండు, గ్యలోని యకారమున కొకటి, సౌకు ఏడు, ఖ్యలోని యకారమున కొకటి. అంకములను వామగతిఁ జదివిన 1712210. పలుచోట్ల దీనికి 1587 అని ముద్రించుచున్నారు గాని, కల్యాదినుండి లెక్కించినచో నా దినము 1586వ సంవత్సరము నవంబరు నెల చివర, ప్రాఁతగణనము ప్రకారము, పడును. ఫలశ్రుతియు గ్రంథసమాప్తిదినమును నొకే పదమునఁ గలసిన వన్నమాట. ప్రార్థన ఫలించినను ఫలింపకున్నను దినసంఖ్య మాత్రము నిక్కము. ఆరోగ్యశబ్దము రోగశబ్దముమీఁదనే నఞ్సమాసముచే నరోగ యని యేర్పడి, ష్యఞ్ప్రత్యయమును బొందినది. హల్లుతోఁ గూడిన యచ్చునకుఁ గటపయాదిలో విలువ లేదు. ఆయుశ్శబ్దపు రేఫమునఁ గలిసిపోయిన యా యాకారమున నిషేధము దాఁగియున్నది. లెక్కలోనికి వచ్చినవి రేఫమును, రోకారమును మాత్రమే.